రెమీ భోజనానికి పిలవడం మానేసిన రోజులు

ఉద్యాన శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. నా ప్రమోషన్ల కథ చెబితే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. ఎరువుల మోతాదులు పుస్తకాల్లో ఉన్నాయి. తేనెమంచు పురుగుకి ఏం కొట్టాలో మందుల కొట్టాయనే మీకంటే ముందు చెప్పేస్తాడు. ఈ ఉద్యోగంలో అసలు పని చెట్లతో కాదు, చెట్టు చుట్టూ తిరిగే మనుషులతో. నీడనిచ్చే చెట్టు ఎవరి కులమూ అడగదని కవులు రాస్తుంటారు. చెట్టు అడగకపోవచ్చు, చెట్టు గలవాళ్ళు అడుగుతారు. ఇది మీకు కాలేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను.

మా నాన్న హేతువాది. ఇతరుల ఇళ్ళలో దేవుడి గది ఉండే చోట మా ఇంట్లో కుర్చీలుండేవి. ప్రతి ఆదివారం వాటిమీద కూర్చుని పదిమంది గొంతులు చించుకునేవారు. చిన్నపిల్లనని చూడకుండా నన్ను బల్ల ఎక్కించి "శకునాలు నిజమా కాదా, మాట్లాడు" అనేవారు. ఆ బల్ల నేనింకా పూర్తిగా దిగలేదు. మధ్యలో ఎక్కడైనా ఉపన్యాసంలోకి జారితే ఓ పేరా వదిలేసి చదువుకోండి.

పెదవులతో చూపించే మనిషి

ఎనభైల మధ్యలో నేను నూజివీడులో పనిచేస్తున్నాను. ఓ వానాకాలం మొదట్లో ఫిలిప్పీన్స్ నుంచి ఒక నిపుణురాలు వస్తోందని పైనుంచి కబురొచ్చింది. వాళ్ళ దేశంలో మామిడి కొమ్మలమీద పొటాషియం నైట్రేట్ నీళ్ళు చల్లి, చెట్టుచేత కావలసిన నెలలో పూత పూయిస్తారట. మన బంగినపల్లికీ, చిన్నరసానికీ ఆ మందు పనిచేస్తుందో లేదో ఇక్కడే ఏడాదిపాటు ఉండి చూస్తుందట. ఆడమనిషి కాబట్టి ఆడ ఆఫీసరు ఇంట్లో ఉంచితే పని తేలికని పెద్దవాళ్ళు తేల్చేశారు. అలా మా పెంకుటింట్లో పక్క వాటా రెమీకి ఇచ్చాం.

పూర్తి పేరు రెమెడియోస్. ముప్ఫై దాటిన వయసు, పొట్టి మనిషి, గిమరాస్ అనే మామిడి ద్వీపంలో పుట్టి పెరిగింది. మొదటివారం గడవకముందే నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. మా ఇద్దరి మధ్యా మాటలు చాలావరకు ఇంగ్లీషులోనే సాగేవి, వాటిని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. తోటవాళ్ళతో మాత్రం మొదటిరోజు నుంచీ తెలుగులోనే కుస్తీ పట్టింది.

ఇక వినండి. వాళ్ళ దేశంలో దేన్నయినా చూపించాలంటే వేలు పెట్టి చూపించడం మర్యాద కాదు. పెదవులు ముందుకు సాచి చూపిస్తారు. ఈ సంగతి నాకు తెలిసేలోపే నూజివీడు బస్టాండు దగ్గర అరటిపళ్ళ బండాయనకి తెలిసింది. "ఏ గెల కావాలమ్మా?" అని అడిగితే రెమీ అతని భుజం మీదుగా వెనక గెల వైపు పెదవులు సాచింది. ఆ పెద్దమనిషి చెవులదాకా ఎర్రబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, డజనుకి రెండు పళ్ళు ఎక్కువ వేసి, ఆవిడ వైపు మళ్ళీ తలెత్తలేదు. చాలా మంచి బేరగాడని ఇంటికొచ్చి నాతో మెచ్చుకుంది. కారణం చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది. మర్నాటి నుంచి అరచెయ్యి మొత్తం చాపి చూపించేది, వేదికమీద ఓట్లడిగే నాయకుడిలాగా.

కనుబొమలు పైకెత్తితే వాళ్ళకి ఔనని అర్థం. జీపు డ్రైవరు "వెళ్దామా మేడమ్?" అంటాడు. ఈవిడ కనుబొమలెత్తుతుంది. అతను జవాబు కోసం చూస్తూ కూర్చుంటాడు, ఈవిడ బండి కదలడం కోసం చూస్తూ కూర్చుంటుంది. ఎండలో జీపు కాలిపోతుంటుంది. నెల తిరిగేసరికి రెమీ మనలాగే తలని గుండ్రంగా ఊపడం నేర్చుకుంది. డ్రైవరేమో కనుబొమలెత్తడం నేర్చుకున్నాడు. అప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది.

మనుషుల్ని పిలవడానికి పెదాల మధ్యనుంచి ఉస్సుమనేది. మన పక్క అలా పిలిస్తే మేకలొస్తాయి, మనుషులు రారని చెప్పాను. మానేసింది. చెంచా, ఫోర్కు పెట్టెలో పెట్టేసి చేత్తో తినడం మొదలుపెట్టింది. ఎడమచేతి వాటం మనిషి, ఎన్ని తంటాలు పడిందో, మొత్తానికి కుడిచేతికి మారింది. వాళ్ళ భాషలో గౌరవానికి మాట చివర 'పో' అంటారు. మన అండీ అదేనని తెలిసిన రోజు ఆవిడ సంతోషం చూడాలి. ఆ రోజంతా కుక్కకీ అండీ, నీళ్ళ పంపుకీ అండీ. హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొచ్చినా ఇంటిల్లిపాదికీ, వీధిలో సగంమందికీ ఏదో ఒక పొట్లం తెచ్చేది. ఈ అలవాటు మాత్రం మార్చుకోవద్దని మా వీధంతా ఏకగ్రీవంగా చెప్పింది.

చెట్టుకి చెప్పి వెళ్ళే శాస్త్రవేత్త

పని మొదలుపెట్టింది వరలక్ష్మమ్మగారి తోటలో. జి. కొండూరు వెళ్ళే దారిలో ఆవిడకి పెద్ద తోట ఉండేది. భర్త పోయాక తానే నిలబడి వ్యవసాయం చేసేది. తెలివైన మనిషి, పెట్టే చెయ్యి. మొదటిరోజు రెమీ ఆవిడ కుడిచేతిని అందుకుని, వంగి తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళ దేశంలో పెద్దలకు పెట్టే నమస్కారం అది. అంతే, వరలక్ష్మమ్మగారు కరిగిపోయింది. "మా కోడళ్ళు ఉన్నారు దేనికీ" అని నా వైపు చూసి నిట్టూర్చింది.

నేను మాత్రం ఆ మొదటిరోజే రెమీతో తగువు పెట్టుకున్నాను. ఒక ముసలి చెట్టు వెనక్కి కొలత తీసుకోవడానికి వెళ్తూ ఆవిడ ఏదో గొణిగింది. ఏంటని అడిగాను. చెట్టు దగ్గర కంటికి కనబడనివాళ్ళు ఉంటారట, వాళ్ళని కాస్త తప్పుకోండి, దారి ఇవ్వండి అని అడిగిందట. నాకు మా నాన్న బల్ల గుర్తొచ్చింది.

"నువ్వు వ్యవసాయ శాస్త్రం చదివావా లేదా?" అన్నాను.

"చదివాను అక్కా. నేను నమ్మను."

"నమ్మనిదాన్ని ఎందుకు అడుగుతున్నావు?"

"ఒకవేళ ఉంటే, అడక్కుండా వెళ్ళడం మర్యాద కాదు కదా."

ఇలాంటి వాదన మా ఆదివారం సభల్లో నేనెన్నడూ వినలేదు. దేవుడున్నాడనేవాడితో నేను సాయంత్రం దాకా వాదించగలను. లేడు గానీ పలకరించకపోతే బాగుండదనే మనిషితో ఏం వాదించను? దారిపొడవునా వాదించాను. ఆవిడ నవ్వుతూ తలూపింది. మర్నాడు మళ్ళీ చెట్టుకి చెప్పే వెళ్ళింది, కాకపోతే ఈసారి నాకు వినబడకుండా.

డి.డి. గారి తిట్లు

మా డిప్యూటీ డైరెక్టరు గారు విజయవాడ నుంచి జీపులో వచ్చి తిట్టి వెళ్ళేవారు. తిట్టడం ఆయన ఉద్యోగమని ఆయన నమ్మకం. ఒకసారి రిపోర్టు ఆలస్యమైందని రెమీమీద గొంతు పెంచారు. రెమీ నవ్వింది. ఆయన ఇంకాస్త పెంచారు. ఈవిడ ఇంకాస్త వెడల్పుగా నవ్వింది. ఆయన బల్ల గుద్దారు. ఈవిడ పళ్ళన్నీ కనబడ్డాయి.

"ఏంటమ్మా ఇది, నన్ను చూస్తే సర్కసు బఫూనులా ఉన్నానా ఈవిడకి?" అని నన్నడిగారు. ఆ క్షణంలో జవాబు చెప్పడం నా ఉద్యోగానికి మంచిది కాదు కాబట్టి మింగేశాను. తరవాత రెమీనే చెప్పింది. సిగ్గుతో చచ్చిపోతున్నప్పుడు వాళ్ళు నవ్వుతారట. ఎంత నవ్వితే అంత సిగ్గుపడ్డట్టు. ఎదుటివాడి కోపం చల్లార్చడానికి వాళ్ళకున్న చన్నీళ్ళ బిందె అది.

నాలుగు నెలలకి ఈ అలవాటూ మారింది. డి.డి. గారు అరుస్తుంటే తల వంచుకుని, చేతులు కట్టుకుని, "అవునండీ, పొరపాటేనండీ" అనడం మొదలుపెట్టింది. ఆయన పొంగిపోయి "ఇప్పుడు మనలో కలిసిందమ్మా" అన్నారు. నాకూ ఆ రోజు నవ్వే వచ్చింది. పిల్లలూ, బయటిదేశం నుంచి వచ్చినవాళ్ళు మనలో కలిశారని మనం సంబరపడేటప్పుడు, మనలో దేనితో కలిశారో ఒకసారి చూసుకోవాలి. ఈ మాట నాకు తట్టడానికి ఇంకో నెల పట్టింది.

ఇద్దరి క్యారియరు

మధ్యాహ్నం మా ఇద్దరికీ వరలక్ష్మమ్మగారి ఇంటినుంచి క్యారియరు వచ్చేది. మొదటిరోజు చెట్టుకింద గిన్నెలు విప్పగానే రెమీ తలెత్తి చుట్టూ చూసింది. కొంచెం దూరంలో పాదులు తవ్వుతున్న ఆడవాళ్ళ ముఠా ఉంది. వాళ్ళకి పెద్ద నాగరత్నం. నలభై దాటిన మనిషి, మాటకారి, గట్టిది. రెమీ వాళ్ళందరినీ చూసి, చెయ్యి ఊపి, ఆ పొద్దున్నే నా దగ్గర నేర్చుకున్న ముక్క గట్టిగా అంది: "తిందాం రండి."

పార చప్పుళ్ళు ఆగిపోయాయి.

వాళ్ళ దేశంలో అది అలవాటు. నోట్లో ముద్ద పెట్టుకునే ముందు కంటికి కనబడినవాళ్ళందరినీ పిలవాలి. పోస్టుమానైనా సరే, పెద్ద ఆఫీసరైనా సరే, ఎవరో దారినపోయేవాడైనా సరే. పిలుపు అందుకున్నవాళ్ళు "ఇప్పుడే తిన్నాను, మీరు కానివ్వండి" అని వెళ్ళిపోవాలి. పిలవకపోవడం తప్పు, పిలవగానే వచ్చి కూర్చోవడమూ కొంచెం తప్పే. ఇదంతా నాకు తరవాత తెలిసింది. నాగరత్నానికి అప్పటికి బొత్తిగా తెలియదు.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని నిదానంగా వచ్చింది. "మమ్మల్నేనా అండీ?" అంది. "మిమ్మల్నే" అన్నట్టు రెమీ కనుబొమలెత్తింది. నాగరత్నం ఒకసారి నా వైపు చూసి, కూర్చుంది. ఆవిడ వెనకే తక్కినవాళ్ళు. ఇద్దరికి తెచ్చిన అన్నం అంతమందికి తలో గుప్పెడు వచ్చింది. రెమీ మొహంలో ఒక్క క్షణం కంగారు కనబడింది, పిలిస్తే నిజంగా వచ్చినవాళ్ళని ఆవిడ జన్మలో మొదటిసారి చూసింది మరి. తరవాత వాళ్ళు తమ గిన్నెలూ తెచ్చి విప్పారు. అందులో రొయ్యపొట్టు వేసిన మామిడికాయ కూర ఉంది. రెమీ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. వాళ్ళ ద్వీపంలోనూ పచ్చి మామిడికాయ రొయ్యల ముద్దతోనే తింటారట. "మా అమ్మ వండినట్టుంది" అంది. ఆ తరవాత వరలక్ష్మమ్మగారి గుత్తివంకాయ వైపు చూసిన పాపాన పోలేదు.

నేనో మాట చెప్పాలి. సహపంక్తి భోజనాల గురించి నేను ఎన్ని సభల్లో మాట్లాడానో నాకే తెలియదు. విస్తరి ముందు ఫొటో దిగి, ఇంటికెళ్ళి తలంట్లు పోసుకున్న పెద్దమనుషుల్ని నా కళ్ళతో చూశాను. ఇక్కడేమో నినాదం లేదు, బ్యానరు లేదు, అధ్యక్షులవారి తొలిపలుకులు లేవు, రొయ్యపొట్టు సువాసనలో అది దానంతటదే జరిగిపోతోంది. నాకు పూనకం ఒక్కటే తక్కువ. హేతువాదిని కాబట్టి అదీ లేదు.

వానాకాలమంతా అలాగే తిన్నాం. రెమీ అన్న పేరు ముఠా నోట్లో రెమ్మ అయింది. వేళాకోళాలకి అంతులేదు. "రెమ్మమ్మా, మీ ఊళ్ళో మొగోళ్ళు అన్నం వండుతారంటగా, ఒకణ్ణి పార్సిలు చెయ్యరాదూ" అని ఒకావిడ. "వద్దులే, దారిలో పాసిపోతాడు" అని నాగరత్నం.

వరలక్ష్మమ్మగారి పాఠం

కార్తీకం దగ్గర పడింది. ఒక పొద్దున రెమీ నా వాటాలోకి ఉత్సాహంగా వచ్చి, ముందురోజు వరలక్ష్మమ్మగారు తనకి ఇంకో తెలుగు మర్యాద నేర్పిందని చెప్పింది. ఏంటా అని విన్నాను. ఆవిడ ప్రేమగా పక్కన కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూ చెప్పిందట: "పిలవడం మంచి గుణమే అమ్మాయ్. ఎవర్ని పిలవాలో చూసుకుని పిలవాలి. ఏడాదికి నువ్వెళ్ళిపోతావు. రేపు వాళ్ళొచ్చి నా అరుగెక్కి కూర్చుంటే ఎవరు దింపుతారు?"

ఆ మధ్యాహ్నం రెమీ ముఠాకి వీపు పెట్టి కూర్చుంది. గిన్నె విప్పింది. ఎవర్నీ పిలవలేదు. కుడిచేత్తో, తల వంచుకుని, చప్పుడు చెయ్యకుండా తిన్నది. అచ్చం మనలాగే.

నాగరత్నం వాళ్ళు తమ గిన్నెలు పట్టుకుని సగం దూరం వచ్చి ఆగారు. కాసేపు చూసి, వెనక్కి వెళ్ళి ఇంకో చెట్టు కింద కూర్చున్నారు. చేతులు కడుక్కోవడానికి మా పక్కనుంచి వెళ్తూ నాగరత్నం నాతో, రెమీకి వినబడేట్టు అంది: "చెట్టుక్కూడా చెప్పి ఎల్లుద్దిగా అండీ ఈవిడ. మేం చెట్టుపాటి చెయ్యలేదా?"

పొద్దున జీపు తొందరలో అనలేకపోయిన మాటలన్నీ పట్టుకుని, ఇంటికొచ్చాక నేను రెమీమీద విరుచుకుపడ్డాను. కులం గురించి, నాకు తెలిసినదంతా, నిలబడి చెప్పాను. ఆవిడ మొదట సిగ్గుతో నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది.

"పెదవులతో చూపించొద్దన్నావు. మానేశాను. ఉస్సనొద్దన్నావు. మానేశాను. ఎడమచేత్తో తినొద్దన్నావు, నవ్వొద్దన్నావు. ఎందుకని అడిగానా? ఇవాళ ఆవిడ ఒకటి చెప్పింది, అదీ విన్నాను. మీ మర్యాదల్లో ఏది వినాలో ఏది వినకూడదో నాకెలా తెలుస్తుంది అక్కా?"

నిలబడి చెబుతున్నదాన్ని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెమీనే మళ్ళీ మాట్లాడింది. వాళ్ళ అక్క గల్ఫులో నర్సట. అక్కడ వీధిలో గట్టిగా నవ్వడం మానేసింది. కెనడా వెళ్ళిన పినతండ్రి కొడుకు ఆఫీసు బల్లమీద ఒక్కడే రొట్టె తింటాడట, పిలిస్తే తోటివాళ్ళు వింతగా చూస్తున్నారని. వాళ్ళవాళ్ళు ఏ దేశం వెళ్తే ఆ దేశం మనుషులైపోతారట, అది వాళ్ళ గొప్ప అనుకునేదట ఇన్నాళ్ళూ. గల్ఫు నుంచి సెలవుకొచ్చిన అక్క ఇంట్లో గది తలుపేసుకుని తిన్నదట. వాళ్ళ అమ్మ తలుపు బయట కూర్చుని ఏడ్చిందట. "నేను అలా అవుతున్నానా?" అని అడిగింది.

అవుతున్నావన్నాను. ఏ మర్యాదైనా మనిషిని దగ్గరికి తెస్తోందా, దూరం నెడుతోందా చూడు, నెట్టేదాన్ని విననక్కర్లేదు అన్నాను. చెప్పాక ఆ కొలత నాకూ నచ్చింది. తరవాత ఉద్యోగమంతా దాన్నే వాడాను.

ఆకు గలగలలాడిన వారం

మందు చల్లడానికి ఒక అదును ఉంటుంది. ఆకుని గుప్పిట్లో నలిపితే మెత్తగా ముడుచుకుంటే ఇంకా లేత, గలగలమని విరిగితే సిద్ధం. ఆ వారం తోటంతా ఆకు గలగలలాడింది. స్ప్రేయర్లు వచ్చాయి, మందు వచ్చింది, ముఠా మాత్రం రాలేదు. ఉంగుటూరు వైపు వరికోతలకి ఒప్పుకున్నామని నాగరత్నం కబురు పంపింది. కోతలు నిజమే. ఏటా ఉండేవే. వాటికి ఈ తోటపని ముగించుకుని వెళ్ళడం కూడా ఏటా ఉండేదే. రెమీ ఏడాది పనంతా ఆ కొద్దిరోజుల మీద నిలబడి ఉంది. వరలక్ష్మమ్మగారు వేరే ముఠాని పిలిపిస్తానంది. రెమీ వద్దంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నాగరత్నం వాళ్ళ కాలనీకి వెళ్ళాం. ఆవిడ వాకిట్లో ముగ్గురు ఆడవాళ్ళతో కూర్చుని అన్నం తింటోంది. రెమీ వాకిలి అంచున ఆగిపోయింది. నాగరత్నం చూసింది. చూసి, ఇంకో ముద్ద కలుపుకుంది. పక్కనే కోడి ఒకటి తీరుబడిగా గింజలు ఏరుకుంటోంది. భోంచేస్తున్నవాళ్ళు తనని చూసి కూడా పిలవకపోవడం రెమీకి అదే మొదటిసారి. ఆవిడ మొహం ఎలా మారుతోందో నాకు కనబడుతోంది.

చివరికి నాగరత్నమే అంది. "మా ఇళ్ళల్లో పెద్దోళ్ళని తినమని పిలవమండీ. పిలిస్తే ఇప్పుడే తిన్నాం అంటారు. ఎందుకొచ్చిన మాట పడటమని మానేశాం." ఆగి, రెమీ వైపు తేరిపార చూసింది. "నిన్ను పిలిచి చూద్దావా? రా, తిందువుగానీ."

రెమీ నోటినుంచి వాళ్ళ అమ్మ నేర్పిన జవాబు దానంతటదే వచ్చేసింది, చక్కటి తెలుగులో: "ఇప్పుడే తిన్నానండీ. మీరు కానివ్వండి."

వాళ్ళ దేశంలో అంతకంటే మర్యాదైన జవాబు లేదు. ఆ వాకిట్లో అంతకంటే చెడ్డ జవాబు లేదు. నాగరత్నం పక్కవాళ్ళవైపు తిరిగి "చెప్పలా?" అంది. ఫిలిప్పీన్స్ ఆచారాలమీద ఉపన్యాసానికి నేను గొంతు సవరించుకుంటున్నాను. ఈలోపు రెమీ వాళ్ళ మొహాలు చూసింది. ఒక్కొక్క మొహమే చూసింది. చెప్పులు విడిచి, గడప పక్కనున్న సత్తు పళ్ళెం తనే తీసుకుని, నాగరత్నం ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"అబద్ధం చెప్పానండీ. పొద్దున్నించీ ఏం తినలేదు."

నాగరత్నం పొలమారేటట్టు నవ్వింది. "అబద్ధానిక్కూడా అండీ తగిలించుద్దే ఈవిడ" అంటూ అన్నం పెట్టింది. నేనూ కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు, నేనెవరి పిలుపుకోసమూ ఆగలేదు.

రెమీ పనికి రమ్మని అడగలేదు. తిన్నాక "రేపు తోటలో తిందాం రండి" అంది.

"అమ్మగారి ముందేనా?" అంది నాగరత్నం.

"ముందే."

మర్నాడు ముఠా వచ్చింది. మందు చల్లడం మొదలైంది. ఆ మందు పనిచేసిందా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు, ఇక్కడే చెప్పేస్తాను. చల్లిన చెట్లు బాగానే పూశాయి. చల్లకుండా వదిలిన చెట్లు కూడా ఆ ఏడు బాగానే పూశాయి. డి.డి. గారు ఘనవిజయమని రాయమన్నారు, తేలలేదని రాశాను. తేలనిదాన్ని తేలలేదని రాయడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని, అలవాటు చేసుకోండి.

ముఠా తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం అందరం గుండ్రంగా కూర్చుని గిన్నెలు విప్పేసరికి, క్యారియరు పట్టుకుని వరలక్ష్మమ్మగారు తనే వచ్చింది. ముఠా మొత్తం గబుక్కున లేవబోయింది. నాగరత్నం సగం లేచి, చేతిలో గరిటెతో అలాగే ఉండిపోయింది. రెమీ లేవలేదు.

"రండమ్మా, తిందాం."

వరలక్ష్మమ్మగారు ముందు నన్ను చూసింది, ఇది నా పనేనన్నట్టు. తరవాత గిన్నెల్ని చూసింది. చేతిలో నిండు క్యారియరు పెట్టుకుని "నాది ఇంటిదగ్గర అయిపోయిందమ్మా" అంది.

రెమీ పాత లెక్కలో అక్కడితో వదిలెయ్యాలి. పిలిచారు, కాదన్నారు, ఇద్దరి మర్యాదా దక్కింది. కానీ ఆరు నెలలుగా వరలక్ష్మమ్మగారి ఇంట్లో, వద్దు వద్దంటుంటే విస్తట్లో నెయ్యి పోయించుకున్న మనిషి ఆవిడ. పిలిచి వదిలెయ్యడం తెలుగు ఇళ్ళల్లో పిలుపు కిందికి రాదని అక్కడే నేర్చుకుంది.

"ఒక్క ముద్దండీ. నా మీద ఒట్టు."

ఒట్లకీ నాకూ చిన్నప్పటినుంచీ పడదు. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు. వరలక్ష్మమ్మగారు తోటవైపు చూసింది, దారివైపు చూసింది, ఎవరూ రావడంలేదు. నెమ్మదిగా చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మా వరసలో కాదు గానీ, పక్కనే పాదు గట్టుమీద కూర్చుంది. క్యారియరు పైగిన్నె మూత తీసి ముందుకి చాపింది.

"ఏం కూర?"

"రొయ్యపొట్టండీ. ఒరుగులేసి వండాను" అంది నాగరత్నం. గరిటె వెయ్యలేదు. "ఎయ్యమంటారా?"

"వెయ్యి."

నాగరత్నం వేసింది. వరలక్ష్మమ్మగారు ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. అందరం గిన్నెల్లోకి చూస్తున్నట్టు నటిస్తూ ఆవిడనే చూస్తున్నాం. ఆవిడ నమిలి, మింగి, ఇంకో ముద్ద కలుపుతూ అంది.

"ఉప్పెక్కువేశావే."

"రేపు తగ్గిస్తానండీ" అంది నాగరత్నం.